పాత పడవ మోటారు దడదడలాడితే

నడికుడి అంటే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది రైల్వే జంక్షను. గుంటూరు నుండి సికింద్రాబాదు పోయే లైనుకు మాచర్ల లైను ఇక్కడే కలుస్తుంది. ఆ తరువాత సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. పడవ మాట ఎవరూ తలచుకోరు. కాని అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు పట్టుకుని పొందుగల దాకా వెళితే కృష్ణమ్మ కనిపిస్తుంది. అవతలి ఒడ్డున మూసీ వచ్చి కలిసే వాడపల్లి ఉంది. 2013 డిసెంబరులో పులిచింతల ప్రాజెక్టు జాతికి అంకితమైంది. దాని నిండు సామర్థ్యం 45.77 టి.ఎం.సి.లు. ప్రాజెక్టు నిండినప్పుడు వెనుక నీరు మట్టపల్లి నరసింహస్వామి గుడి దాకా నిలుస్తుంది. ఒకప్పుడు తెడ్డు వేసుకుంటూ పుట్టి మీద తిరిగిన చోట ఇప్పుడు లోతు నీళ్ళు, పెద్ద పెద్ద దూరాలు. వల వేసి రావాలంటే తెడ్డుతో అయ్యే పని కాదు, మోటారు కావాలి. కొత్త మోటారు కొనే స్తోమత మన వాళ్ళలో ఎందరికి ఉంది? అప్పు చేసి పాతది కొంటారు. కొన్న వారం రోజులకే అది దడదడలాడటం, స్లోలో పెట్టగానే ఆగిపోవడం మొదలవుతుంది.

మేము ఈ హాస్టల్లో చదువుకుని వెళ్ళి ఐ.టి.ఐ.లో మెకానిక్ ట్రేడు నేర్చుకున్న పూర్వ విద్యార్థులం. మాలో కొందరి ఇళ్ళలో వలలు, పడవలు ఉన్నాయి. వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్రాయండి అని అడిగినప్పుడు, తమ్ముళ్ళు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు, బాబాయికి చెప్పగలిగే విషయం వ్రాస్తే బాగుంటుందని అనుకున్నాము. కథలు, కవితలు వ్రాసేవారు ఎలాగూ చాలామంది ఉన్నారు!

పడవ వెనుక చెక్కకు బిగించే ఈ మోటారును అవుట్‌బోర్డు మోటారు అంటారు. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో ఇలాంటి మోటార్లను అమ్మడం మొదలుపెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పేరుతో నడిచిన మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయింది గాని, మోటారు ఆకారం మాత్రం నేటికీ పెద్దగా మారలేదు. పైన ఇంజను, మధ్యలో నిలువుగా దిగే పొడవాటి షాఫ్టు, అడుగున గేర్లు, ప్రొపెల్లరు. ప్రొపెల్లరును మన వాళ్ళు ఫ్యాను అంటారు, మేమూ అలాగే వ్రాస్తాము. చిన్న పాత మోటార్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ రకం. అంటే ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తారు. క్రాంకు ఒక్కసారి తిరిగితే ఒక మంట.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. టూ స్ట్రోక్ ఇంజను స్లోలో ఉన్నప్పుడు కొంచెం తడబడుతూ తిరగడం దాని జబ్బు కాదు, దాని స్వభావం. యమహా ఆర్.ఎక్స్. 100 బండి నిలబెట్టి ఉన్నప్పుడు "టక్... టకటక్... టక్" అనే శబ్దం విన్నవారికి ఇది తెలుసు. యాక్సిలరేటరు తగ్గించినప్పుడు సిలిండరులోకి కొత్త గాలి, పెట్రోలు తక్కువగా వస్తాయి. కాలిపోయిన పాత పొగ పూర్తిగా బయటకు పోదు. అందువల్ల ఒక్కోసారి మంట అంటుకోకుండా తప్పిపోతుంది. వేగం పెంచగానే ఈ తడబాటు పోయి సాఫీ అయితే కంగారు అక్కరలేదు. నిన్నటి వరకు బాగా ఉన్నది ఈ రోజు ఆగిపోతుంటే, లేదా పడవ చెక్క అదిరేంతగా కుదుపు ఉంటే, అప్పుడు వెతకాలి.

ఇది కేవలం చికాకు వ్యవహారం కాదు. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. అలాంటి రోజున గాని, పై నుండి వరద వచ్చి గేట్లు ఎత్తిన రోజున గాని ఏటి మధ్యలో మోటారు ఆగితే పడవ మన మాట వినదు, ప్రవాహం మాట వింటుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు ఒడ్డున ఉన్న గ్రామస్తులే తమ పడవల్లో వెళ్ళి పలువురిని బయటకు తెచ్చారు. మన పడవ కూడా ఎప్పుడు ఎవరికి అవసరం పడుతుందో తెలియదు. అప్పుడు తాడు పది సార్లు లాగుతూ కూర్చునే మోటారు ఎవరికి ఉపయోగం?

పరీక్ష మొదలుపెట్టే ముందు: నీళ్ళు లేకుండా ఈ మోటారును అర నిమిషం కూడా తిప్పరాదు. దాని లోపల నీళ్ళు తోడే చిన్న రబ్బరు చక్రం ఉంటుంది, దానిని ఇంపెల్లరు అంటారు. అది నీటి తడి మీదే తిరుగుతుంది. పొడిగా తిరిగితే రెక్కలు కాలి విరిగిపోతాయి. ఒడ్డున పరీక్ష చేయాలంటే పెద్ద డ్రమ్ములో నీళ్ళు పోసి, ఫ్యాను పైన అడ్డంగా ఉండే పలక మునిగేలా మోటారును దించాలి. ఫ్యాను ఊడదీసి ఉంచితే చేతులకు మంచిది. పాకలో, గదిలో వద్దు. పొగలో ఉండే విషవాయువుకు వాసన ఉండదు. దగ్గరలో బీడీ కాల్చేవాళ్ళను మర్యాదగా దూరంగా పంపించాలి.

మోటారు తిరుగుతుండగా వెనుక వైపు ఒక చిన్న రంధ్రం నుండి సన్నని నీటి ధార పడుతూ ఉంటుంది. దానిని ముందు చూడాలి. ధార లేకపోతే మిగతా పరీక్షలన్నీ ఆపేయాలి. కృష్ణలో గుర్రపుడెక్క, వలల ముక్కలు, బురద నీళ్ళు లాగే జల్లెడకు అడ్డం పడతాయి. అవి తీసినా ధార రాకపోతే ఇంపెల్లరు మార్చాలి.

ఇక మొదటి ప్రశ్న. కుదుపు న్యూట్రలులో కూడా ఉందా, గేరు వేసినప్పుడేనా? చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే కార్బొరేటరు విప్పేస్తారు. (మన వైపు దీనిని "కార్పొరేటరు" అనేవాళ్ళు ఎక్కువ. ఓట్లు అడగదు గాని తిప్పలు మాత్రం పెడుతుంది.) న్యూట్రలులో నిదానంగా ఉండి, గేరు వేసి వేగం పెంచిన కొద్దీ అదురు పెరిగితే తప్పు ఇంజనులో ఉండటం తక్కువ. ఫ్యాను రెక్క వంగి ఉంటుంది, లేదా బిగింపు క్లాంపులు వదులై ఉంటాయి. మన పల్నాడులో ఏటి అడుగు అంతా రాయి. ముంపులో మునిగిన చెట్ల మొదళ్ళు కూడా కొన్ని చోట్ల నీటి కిందే ఉన్నాయి. రెక్కకు దెబ్బ తగలడం ఇక్కడ మామూలు. మూడు రెక్కల కొసలూ ఒకే గీత మీదుగా తిరుగుతున్నాయో లేదో, పక్కన ఒక పుల్ల కదలకుండా పట్టుకుని చేత్తో ఫ్యానును నిదానంగా తిప్పి చూస్తే తెలిసిపోతుంది. అలా తిప్పే ముందు ప్లగ్గు వైర్లు తీసి ఉంచడం తప్పనిసరి.

న్యూట్రలులోనే తడబడుతుంటే పెట్రోలు దారి నుండి బయలుదేరాలి. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ ఉంటుంది. అది మూసి ఉంటే కాసేపు తిరిగి ఆగిపోతుంది, మళ్ళీ కాసేపటికి లేస్తుంది. మా అనుభవంలో ఇంత చిన్న కారణానికి పడవను తాడు కట్టి లాక్కొచ్చిన వాళ్ళు ఉన్నారు. తరువాత పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డి. దాని మీద బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి. మోటారు తడబడుతున్నప్పుడు ఆ బుడ్డిని చేత్తో నెమ్మదిగా నొక్కి చూడండి. నొక్కినప్పుడు మోటారు తేరుకుంటే, పెట్రోలు తనంతట తాను సరిగా అందడం లేదని అర్థం. పైపులో గాలి చొరబడుతూ ఉండాలి, లేదా పెట్రోలు పంపులో పల్చటి పొర చిరిగి ఉండాలి. మోటారు విప్పకుండానే సగం దారి తేలిపోయింది కదా!

కొంత పెట్రోలు తీసి తెల్ల గాజు సీసాలో పోసి కదలకుండా ఉంచితే అడుగున నీళ్ళు వేరుగా పొరలా కనిపిస్తాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుండి విడిపోయి అడుగున చేరతాయి. పాత మోటార్ల రబ్బరు పైపులు, వాషర్లు దీని కోసం తయారైనవి కావు. అవి మెత్తబడి, పొరలు ఊడి, ఆ నలుసులు కార్బొరేటరులోకి పోతాయి. కాబట్టి వేటకు పోని రోజుల్లో ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచరాదు. పైపు పీకి, కార్బొరేటరులో మిగిలినది కూడా అయిపోయేదాకా తిప్పి ఆపాలి. (ఆ తిప్పడం కూడా నీళ్ళ డ్రమ్ములోనే.)

కిరోసిను సంగతి వేరే చెప్పాలి. కిరోసినుతో నడిచేలా తయారైన మోటార్లు ఉన్నాయి. వాటిని పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరోసినుకు మార్చి, ఆపే ముందు మళ్ళీ పెట్రోలుకు తెస్తారు. అలా తేకుండా ఆపితే కార్బొరేటరులో కిరోసిను మిగిలి, మరునాడు చల్లటి ఇంజనులో ఆవిరి కాదు. లేవదు, లేచినా తడబడుతుంది. పెట్రోలు కోసమే తయారైన మోటారులో ఖర్చు తగ్గుతుందని కిరోసిను కలిపితే జరిగేది ఇంకా చెడ్డది. మంట నిదానంగా వ్యాపించకుండా సిలిండరులో ఒక్కసారిగా భగ్గుమంటుంది. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్లు శబ్దం వస్తుంది. ఆ శబ్దం కొద్దిసేపు సాగినా పిస్టను నెత్తి మీద గుంటలు పడతాయి. లీటరుకు మిగిలిన డబ్బులు పిస్టనుకు చాలవు.

పెట్రోలు బాగుంటే స్పార్కు ప్లగ్గులు. రెండు సిలిండర్ల మోటారు అయితే ఒక మంచి పరీక్ష ఉంది. మోటారు స్లోలో ఉండగా రబ్బరు పిడి ఉన్న పటకారుతో ఒక ప్లగ్గు వైరు తీసి, వెంటనే దాని కొసను ఇంజను ఇనుముకు ఆనించి ఉంచాలి. గాలిలో వేలాడనివ్వరాదు, ఇగ్నిషను యూనిట్ పాడయ్యే ప్రమాదం ఉంది. తడి చేతులతో ఈ పని వద్దు, పెట్రోలు ఒలికి ఉంటే అసలే వద్దు. వైరు తీయగానే మోటారు బాగా కుంగితే ఆ సిలిండరు పని చేస్తున్నట్లు. తీసినా తేడా లేకపోతే అదే సోమరి సిలిండరు. ఇప్పుడు రెండు ప్లగ్గులను ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి. సోమరితనం కూడా ప్లగ్గుతో పాటు రెండో వైపుకు మారితే ప్లగ్గుదే తప్పు. మారకపోతే కాయిలు, వైరు, లేదా లోపలి సంగతి.

విప్పిన ప్లగ్గును పారేయకుండా చదవాలి. కొస ఇటుక పొడి రంగులోనో కాఫీపొడి రంగులోనో ఉంటే క్షేమం. నల్లగా, జిడ్డుగా తడిగా ఉంటే ఆయిలు ఎక్కువ, లేదా పెట్రోలు ఎక్కువ, లేదా మంట పడటం లేదు. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువై ఇంజను మాడుతున్నది. మరీ తెల్లగా, శుభ్రంగా కడిగినట్లు ఉంటే లోపలికి నీళ్ళు దిగుతున్నాయేమో అనుమానించాలి. ఆయిలు పాళ్ళు చాలా మోటార్లకు 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. మీ మోటారుకు వేరే పాళ్ళు ఉండవచ్చు కాబట్టి దాని పుస్తకంలో ఉన్నదే పోయండి. చేతి అంచనాతో గలాసెడు పోయడం వద్దు.

సముద్రం వైపు, నిజాంపట్నం లాంటి చోట్ల తిరిగి వచ్చిన మోటారు అయితే ఉప్పు దాని ఒంట్లోనే ఉంటుంది. నీళ్ళు తిరిగే దారుల్లో ఉప్పు గడ్డకట్టి, వేడిని అదుపు చేసే థర్మోస్టాటు తెరుచుకున్న చోటే బిగుసుకుపోతుంది. అప్పుడు ఇంజను ఎంతసేపు తిరిగినా వేడెక్కదు, ప్లగ్గులు నల్లబడతాయి, స్లోలో తడబడుతుంది. అది మూసుకున్న చోట బిగిస్తే ఇంజను మాడుతుంది. రెండిటికీ విప్పి శుభ్రం చేయడమో మార్చడమో తప్ప దారి లేదు.

ప్లగ్గులు కూడా బాగుంటే చోకు పరీక్ష. మోటారు వేడెక్కిన తరువాత స్లోలో తడబడుతుండగా చోకు కొద్దిగా లాగండి. తేరుకుంటే పెట్రోలు తక్కువ అందుతున్నది. ఇంకా కుంగితే పెట్రోలు ఇప్పటికే ఎక్కువైంది. తక్కువ అందడానికి ముఖ్యమైన కారణం కార్బొరేటరులోని పైలట్ జెట్టు. స్లోలో పెట్రోలు ఇచ్చేది ఆ ఒక్క రంధ్రమే. వెంట్రుక దూరేంత ఉంటుంది. పాత పెట్రోలు ఎండి జిగురై దానిని మూసేస్తుంది. వేగంలో పెట్రోలు ఇచ్చే జెట్టు వేరు, పెద్దది. అందుకే "స్పీడులో బాగానే పోతుంది, స్లోలో చచ్చిపోతుంది" అన్న ఫిర్యాదు వినగానే మేము పైలట్ జెట్టు వైపు చూస్తాము. దానిని సూదితో, తీగతో పొడవరాదు. రంధ్రం పెద్దదైతే మళ్ళీ చిన్నది కాదు. కార్బొరేటరు క్లీనరు పోసి గాలి కొట్టించాలి. గాలి స్క్రూను విప్పే ముందు, పూర్తిగా బిగియడానికి ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి కాగితం మీద వ్రాసుకుంటే తిరిగి పెట్టేటప్పుడు తడుముకోవలసిన పని ఉండదు.

జెట్టు శుభ్రం చేసినా పోకపోతే దొంగ గాలి. టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు ఉండే గది గాలి చొరబడకుండా బిగువుగా ఉండాలి. అక్కడి గ్యాస్కెట్లు ఎండినా, సీలు అరిగినా పక్క నుండి గాలి లోపలికి పోయి మిశ్రమం పల్చబడుతుంది. కార్బొరేటరు అతుకుల దగ్గర కొంచెం సబ్బు నీళ్ళు చిమ్మి వినండి. ఆ క్షణాన మోటారు స్వరం మారితే చిల్లు అక్కడే. పెట్రోలు చిమ్మి చూసేవాళ్ళు ఉన్నారు. ఆ పని చేయకండి.

చాలామంది చేసే సులువు వైద్యం ఒకటుంది. స్లో స్క్రూ బిగించి వేగం పెంచేస్తారు. తడబాటు వినపడదు, మోటారు ఆగదు. కాని ఆ వేగంలో గేరు వేసినప్పుడల్లా "ఖణేల్" మని కొట్టుకుని గేరు పళ్ళు అరుగుతాయి. పాత మోటారు అమ్మేవాళ్ళు కూడా ఇదే చేసి చూపిస్తారు. కొనడానికి వెళ్ళినప్పుడు ముందుగా ఇంజను మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే లేపి ఉంచారన్నమాట. చల్లారే దాకా టీ తాగి వద్దామని చెప్పండి. చల్లటి మోటారు ఎలా లేస్తుందో చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

ఇక చప్పుళ్ళు. ఎక్కడి నుండి వస్తుందో చెవికి సరిగా తెలియదు, ఎందుకంటే మోటారు అంతా ఒకే ఇనుము ముద్దలా మోగుతుంది. పొడవాటి స్క్రూడ్రైవరు కొసను అనుమానం ఉన్న చోట ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు తాకించి వినాలి. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుందని మనం సైన్సులో చదివినదే. డాక్టరు గారి స్టెతస్కోపుకు ఇది తమ్ముడు. తిరిగే చక్రానికి మాత్రం దూరంగా ఉండండి, మెడలో తువ్వాలు తీసేయండి.

స్లోలో మాత్రమే గలగలమని, వేగం పెంచగానే పోయే శబ్దం షాఫ్టు, గేర్ల మధ్య సందుది. దానితో చాలా కాలం నడుస్తుంది. వేగంతో పాటు పెరుగుతూ, బరువు పడితే ఇంకా గట్టిగా "ఠక్ ఠక్" మనేది భయపడవలసిన శబ్దం. అందరూ బేరింగు పోయిందని అంటారు. ఆ మాట నమ్మే ముందు పైన ఫ్లైవీలు నట్టు బిగువుగా ఉందో లేదో చూడండి. వదులైన ఫ్లైవీలు అచ్చం పోయిన బేరింగులాగే కొడుతుంది. దాని కింద చిన్న కీ సగం తెగి ఉంటే స్పార్కు పడే వేళ తప్పి తడబాటు కూడా తోడవుతుంది. కీ ఖరీదు ఎంత, ఇంజను మొత్తం విప్పే ఖర్చు ఎంత? ఫ్లైవీలు గట్టిగా ఉంటే, ఇందాకటిలా ఒక్కో ప్లగ్గు వైరు తీసి ఇనుముకు ఆనించి వినండి. ఏ సిలిండరు ఆపినప్పుడు ఠక్ ఠక్ మెత్తబడుతుందో ఆ సిలిండరు కనెక్టింగ్ రాడ్డు బేరింగే అరిగింది. అలాంటి మోటారు ఏట్లోకి తీసుకుపోకూడదు.

అడుగు గేర్ల సంగతి ఆయిలే చెబుతుంది. కింది స్క్రూ కొద్దిగా వదులు చేస్తే నాలుగు చుక్కలు వస్తాయి. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు దిగాయి. నీళ్ళు దిగడానికి మన దగ్గర ముఖ్య కారణం నైలాను వల దారం. అది ఫ్యాను వెనుక షాఫ్టుకు చుట్టుకుని, రంపంలా సీలును కోస్తుంది. నెలకొకసారి ఫ్యాను ఊడదీసి దారం ఉంటే కోసి తీయడం ఐదు నిమిషాల పని. ఆయిలులో ఇనుప రజను మెరుస్తుంటే పళ్ళు పోతున్నట్లు.

కొనే ముందు చివరగా కంప్రెషను గేజి పెట్టించండి. పట్టణంలో బైకు మెకానిక్కుల దగ్గర దొరుకుతుంది. రెండు ప్లగ్గులూ తీసి, వైర్లు ఇనుముకు ఆనించి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, తాడు నాలుగైదు సార్లు గట్టిగా లాగాలి. వచ్చిన అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం లోపు తేడా అయితే ఫరవాలేదు. 15 శాతం దాటితే రింగులో పిస్టనో పోయాయి. కార్బొరేటరు ఎన్నిసార్లు కడిగినా ఆ మోటారు స్లోలో నిలవదు. రంగు ఎంత నిగనిగలాడినా సరే, వదిలేసి రావడం మంచిది.

ఇంకొక సంగతి అడుగుతుంటారు. మోటారు ఏట్లో పడి మునిగితే? తీసిన వెంటనే ప్లగ్గులు విప్పి, రంధ్రాలు కిందికి ఉండేలా వంచి, తాడు నెమ్మదిగా లాగుతూ నీళ్ళు కార్చాలి. లోపల ఇసుక గరగరమంటే లాగడం ఆపి మెకానిక్కు దగ్గరకు చేర్చాలి. లేకపోతే కార్బొరేటరు కడిగి, సిలిండర్లలో కొంచెం ఆయిలు పోసి, రెండు మూడు గంటల్లోపే లేపి కొంతసేపు తిప్పాలి. అంత త్వరగా వీలు కాదనుకుంటే దానిని ఎండలో ఆరబెట్టకండి. మంచినీళ్ళ తొట్టిలో మళ్ళీ పూర్తిగా ముంచి, ఆ నీళ్ళలోనే ఉంచి మెకానిక్కును పిలవండి. వినడానికి వింతగా ఉంటుంది గాని, నీళ్ళలో ఉన్నంతసేపు తుప్పు నిదానంగానే పడుతుంది. తడి ఇనుముకు గాలి తగిలిన తరువాతే తుప్పు పరుగెత్తుతుంది.